భారం ఎవరు మోస్తారో చెప్పని ప్రణాళికను ఆమోదించకండి: వాతావరణ సదస్సు ప్రతినిధులకు బహిరంగ లేఖ

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో సభ్యులైన దేశాల ప్రతినిధులకు,

నమస్కారం.

పారిస్ ఒప్పందం ప్రకారం ప్రతి దేశమూ అయిదేళ్లకోసారి తన వాతావరణ ప్రణాళికను సమర్పించాలి. ఆ ప్రణాళికలను రాసేది, వాటిపై చర్చలు జరిపేది, చివరికి ప్రపంచం ముందు పెట్టేది మీరే. ఏ సంవత్సరానికి ఎన్ని టన్నుల ఉద్గారాలు తగ్గుతాయో, ఏ రంగానికి ఎంత పెట్టుబడి కావాలో ఆ పత్రాల్లో ఉంటుంది. అయితే ఆ తగ్గింపు కోసం ఎవరి పని పోతుందో, ఎవరి ఊరు ఖాళీ కావాలో, ఎవరి పొలాల మీదుగా కరెంటు తీగలు వెళతాయో, ఆ మనుషులను ముందుగా ఎవరైనా అడిగారో లేదో చాలా పత్రాల్లో కనబడదు. ఆ లోటు గురించే ఈ లేఖ.

వేగం తగ్గించమని కోరడానికి నేను ఇది రాయడం లేదు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయి కంటే దాదాపు 1.55 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా నమోదైంది. ఉష్ణోగ్రత పెరుగుదలను వీలైతే 1.5 డిగ్రీల దగ్గరే ఆపాలన్న పారిస్ లక్ష్యాన్ని దీర్ఘకాలపు సగటుతో కొలుస్తారు కాబట్టి ఒక్క ఏడాది లెక్కను బట్టి అది పూర్తిగా చేజారిందని అనలేం. కానీ మిగిలిన వ్యవధి ఎంత తక్కువో ఆ అంకె చెబుతూనే ఉంది. ఉద్గారాలను ఇప్పటికంటే చాలా త్వరగా తగ్గించాలి. నా అభ్యంతరమల్లా ఒక ఆలోచనా ధోరణి మీద. ముందు భూమిని కాపాడుకుందాం, మనుషుల హక్కుల సంగతి తర్వాత చూసుకుందాం అన్న మాట మీలో కొందరికి ఆచరణకు అనువైనదిగా తోచవచ్చు. గత కొన్ని దశాబ్దాల అనుభవం మాత్రం ఇందుకు విరుద్ధంగా ఉంది. మనుషుల గౌరవాన్ని పక్కనపెట్టి తెచ్చిన పర్యావరణ చర్య మొదట ఆ మనుషులను దెబ్బతీస్తుంది, కొన్నాళ్లకు తానే కూలిపోతుంది, పోతూ పోతూ ఆ ఆశయానికి కూడా చెడ్డపేరు తెచ్చిపెడుతుంది.

శ్రీలంకలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, దేశమంతా సేంద్రియ సాగుకు మారాలని ప్రకటించింది. విదేశీ మారకద్రవ్యం కొరత కూడా ఆ నిర్ణయం వెనుక ఉంది. ఆశయాన్ని నేను తప్పుపట్టను. రసాయనాల మీద అతిగా ఆధారపడిన నేల ఏమవుతుందో రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కానీ ఆ రైతును ఎవరూ అడగలేదు. తగినంత సేంద్రియ ఎరువు ఎక్కడి నుంచి వస్తుంది, నేల కుదురుకోవడానికి ఎన్ని పంటకాలాలు పడుతుంది, ఈలోగా తగ్గే దిగుబడి నష్టాన్ని ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు జవాబు లేకుండానే విత్తే కాలం వచ్చేసింది. కొన్ని నెలలు గడిచేసరికి, అదే ఏడాది నవంబరులో, ప్రభుత్వం నిషేధాన్ని చాలావరకు ఎత్తివేయాల్సి వచ్చింది. అప్పటికే వరి దిగుబడి పడిపోయింది. బియ్యం విషయంలో తన అవసరాలు తాను తీర్చుకుంటూ వచ్చిన దేశం దిగుమతికి దిగింది. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడ సేంద్రియ సాగు మాట ఎత్తినా, శ్రీలంకను చూపించి నోరు మూయించేవాళ్లు తయారయ్యారు. దశాబ్దాలుగా ఓపికగా ఆ సాగు చేస్తున్న రైతులకు ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

సంపన్న దేశంలోనూ ఇదే జరిగింది. 2018లో ఫ్రాన్స్ ప్రభుత్వం వాతావరణం పేరిట ఇంధన పన్ను పెంచాలని నిర్ణయించింది. పెద్ద నగరాల్లో మెట్రో రైళ్లున్నాయి. పట్టణాలకు దూరంగా, అద్దె తక్కువగా ఉన్నచోట ఇల్లు తీసుకుని, డీజిల్ కారులో రోజూ పనికి వెళ్లేవారికి అలాంటి దారి లేదు. ఆ ఏడాదే అక్కడ సంపద పన్నును రద్దు చేసి, దాని స్థానంలో స్థిరాస్తులకు మాత్రమే వర్తించే చిన్న పన్నును తెచ్చారు. ఈ రెండు నిర్ణయాలనూ జనం పక్కపక్కన పెట్టి చూశారు. నవంబరు 17న పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని రోడ్ల కూడళ్లకు చేరారు, డిసెంబరులో ప్రభుత్వం పన్ను పెంపును విరమించుకుంది. ఆ జనానికి పర్యావరణం పట్టదని అప్పట్లో కొందరు నిందించారు. ఆ నింద నిలవదని తర్వాత జరిగిన సంగతే చూపించింది. 2019 అక్టోబరు నుంచి 2020 జూన్ వరకు, లాటరీ పద్ధతిలో ఎంపికైన 150 మంది సాధారణ పౌరులు కూర్చుని, నిపుణుల మాటలు విని, సామాజిక న్యాయానికి లోబడి ఉద్గారాలను తగ్గించే మార్గాలను చర్చించి, 149 ప్రతిపాదనలు చేశారు. ఎక్స్‌ప్రెస్ రహదారుల మీద వాహనాల వేగాన్ని గంటకు 110 కిలోమీటర్లకు తగ్గించాలన్న ప్రతిపాదన కూడా అందులో ఉంది. అంత కఠినమైన మాట జనం నోటి నుంచి వస్తే, దాన్ని తోసిపుచ్చింది పాలకులే. అడిగితే జనం సుఖమే కోరుకుంటారన్న భయంతో అడగడం మానేసిన ప్రతి ప్రభుత్వమూ ఈ ఉదాహరణను చదవాలి.

అడగడం అంటే ఏమిటో బంగ్లాదేశ్ తీరం నుంచి నేర్చుకోవచ్చు. 1970 నవంబరులో వచ్చిన భోలా తుపానులో మూడు లక్షల నుంచి అయిదు లక్షల మంది వరకు మరణించారని అంచనా. 1991 తుపానులో దాదాపు 1,38,000 మంది చనిపోయారు. 2007లో సిడర్ తుపాను కూడా చాలా తీవ్రమైనదే, అయినా మృతుల సంఖ్య మూడున్నర వేల దరిదాపుల్లో ఆగింది. 2020లో వచ్చిన అంఫన్‌కు అక్కడ ప్రాణనష్టం పదుల్లోనే ఉంది. వాతావరణ ఉపగ్రహాలు, కాంక్రీటు భవనాలు ఇందుకు కారణమే, కానీ అవి మాత్రమే కారణం కాదు. హెచ్చరిక అందినా జనం ఎందుకు కదలలేదన్న ప్రశ్నను అక్కడివారు చిత్తశుద్ధితో వేసుకున్నారు. వచ్చిన జవాబులు చాలా మామూలువి. ఉన్న ఒక్క ఆవునూ వదిలేసి వెళ్తే తుపాను తర్వాత బతికేదెలా అని రైతు ఆగిపోయేవాడు. పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన గదిలో, మరుగుదొడ్డి కూడా లేనిచోట రాత్రంతా ఎలా ఉండాలని స్త్రీలు ఇంట్లోనే ఉండిపోయేవారు. 1991 మృతుల్లో స్త్రీల సంఖ్య అంత ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. ఆ జవాబులను విన్న తర్వాత కట్టిన ఆశ్రయ భవనాల్లో పశువులకు చోటు కల్పించారు, మహిళలకు విడిగా గదులు, మరుగుదొడ్లు ఏర్పాటు చేశారు. హెచ్చరికను ఇంటింటికీ తీసుకెళ్లే పని ఊళ్లోని వాలంటీర్ల చేతిలో పెట్టారు. ప్రభుత్వమూ సహాయ సంస్థ రెడ్ క్రెసెంటూ కలిసి నడిపే ఆ కార్యక్రమంలో ఇప్పుడు 70 వేలకు పైగా వాలంటీర్లున్నారు, వారిలో దాదాపు సగం మంది మహిళలు. తలుపు తట్టిన మనిషి తెలిసిన మనిషి అయితే తలుపు తెరుచుకుంటుంది. ఆ తీరంలో ప్రాణాలు నిలబెట్టిన మార్పుల్లో ఒక మరుగుదొడ్డి తలుపుకూ ఒక పశువుల కొట్టానికీ ఉన్న పాత్రను మీ ప్రణాళికలు రాసేటప్పుడు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఇక ఎండలో పనిచేసేవారి సంగతి. వాతావరణ సంక్షోభం మనిషి శరీరాన్ని నేరుగా తాకుతున్న చోటు ఇదే. అయినా దీనికి మీ చర్చల్లో దక్కే సమయం చాలా తక్కువ. పని చేస్తున్నప్పుడు శరీరం లోపల పుట్టే వేడి చెమట ఆరడం ద్వారానే బయటికి పోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు. తేమనూ వేడినీ కలిపి కొలిచే తడి బల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే మనిషి నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి బతకలేడని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆరోగ్యవంతులైన యువకుల శరీరాలు కూడా అంతకంటే తక్కువలోనే తట్టుకోలేకపోతున్నాయని ఇటీవలి ప్రయోగాలు చూపించాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో విడుదల చేసిన అంచనా ప్రకారం, ప్రపంచ కార్మికుల్లో దాదాపు 70 శాతం మంది, అంటే 240 కోట్ల మందికి పైగా, ఏటా ఏదో ఒక సమయంలో హానికరమైన వేడిలో పనిచేస్తున్నారు.

మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో చెరకు నరికే కూలీలకు ఏమైందో చూడండి. మధుమేహమూ రక్తపోటూ లేని యువకుల మూత్రపిండాలు పాడైపోతున్నాయని ఎల్ సాల్వడార్ వైద్యులు 2002లో వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు తీవ్రమైన వేడిలో, చాలినంత నీరు లేకుండా చేసే ఎడతెగని శ్రమను ప్రధాన కారణాల్లో ఒకటిగా గుర్తించాయి. ఆ కూలీకి దాహం తెలియక కాదు. నరికిన టన్నుల లెక్కన కూలి ఇస్తారు కాబట్టి, నీడన కూర్చున్న ప్రతి నిమిషమూ అతని ఇంటికి చేరే డబ్బులోంచి తరిగిపోతుంది. అందుకే అతను ఆగడు. నీళ్లు, నీడ, నిర్ణీత విరామాలు తప్పనిసరి చేసిన తోటల్లో మూత్రపిండాలకు కలిగే హాని తగ్గింది. ఇందులో ఖరీదైన సాంకేతికత ఏదీ లేదు. కావాల్సింది విశ్రాంతి తీసుకున్న సమయానికి కూడా కూలి దక్కుతుందన్న హామీ. వేడిని తట్టుకునే ఏర్పాట్లు అనగానే చల్లదనాన్నిచ్చే పైకప్పుల గురించీ చెట్ల పెంపకం గురించీ పేజీలకు పేజీలు రాసే దేశాలు, కూలి లెక్కగట్టే పద్ధతి గురించి ఒక్క వాక్యమైనా రాయవు. ఈ లేఖలో నేను ఒకే ఒక్క మార్పు కోరాల్సి వస్తే ఇదే కోరతాను: ఎంత వేడిలో పని ఆపాలో చట్టంలో రాయండి, ఆపిన గంటలకు కూలి ఎవరు చెల్లించాలో కూడా అదే చట్టంలో రాయండి. రెండో భాగం లేని మొదటి భాగం ఆ మనిషికి ఆకలికీ ఎండకీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమని చెప్పినట్టే.

బొగ్గు గనుల మూసివేత విషయంలో మీ ముందు రెండు అనుభవాలున్నాయి. బ్రిటన్‌లో 1984–85 సమ్మె ఓడిపోయాక గనులు వరసగా మూతపడ్డాయి. వాతావరణంతో నిమిత్తం లేకుండా తీసుకున్న నిర్ణయమే అయినా, మూసివేత మనుషులను ఏం చేస్తుందో అది చూపించింది. గనితో పాటే ఊరు బతికిన చోట్ల పేదరికమూ అనారోగ్యమూ తర్వాతి తరానికి కూడా సంక్రమించాయి. జర్మనీ తన లోతు బొగ్గు గనులను మూసివేయాలని 2007లో నిర్ణయించి, చివరి గనిని 2018 డిసెంబరు 21న మూసింది. మధ్యలో ఉన్న పదకొండేళ్లలో కార్మిక సంఘాలతో కూర్చుని, వయసు మీరినవారికి ముందస్తు పింఛనూ మిగిలినవారికి వేరే పనిలో శిక్షణా ఏర్పాటు చేసి, బలవంతపు తొలగింపులు లేకుండా ఆ పని పూర్తి చేసింది. దానికి చాలా డబ్బు ఖర్చయింది, గోధుమరంగు బొగ్గు (లిగ్నైట్) తవ్వకం మాత్రం అక్కడ ఆ తర్వాత కూడా సాగింది. కాబట్టి దాన్ని ఆదర్శంగా చూపడం లేదు. గని మూసే తేదీని ప్రకటించిన రోజే కార్మికుడి పింఛను తేదీని కూడా ప్రకటించవచ్చన్న సంగతిని మాత్రం అది రుజువు చేసింది. ఇప్పుడు మనకు అన్నేళ్ల వ్యవధి లేదు కాబట్టి ఆ పని మరింత ముందుగా మొదలుకావాలి.

అడవుల సంరక్షణలోనూ మనుషులను తొలగించడమే మార్గమన్న పాత నమ్మకం ఇంకా పోలేదు. 2030 నాటికి భూమిలోనూ సముద్రంలోనూ 30 శాతాన్ని పరిరక్షించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో దాదాపు అన్ని దేశాలూ అంగీకరించాయి. ఆదివాసుల హక్కులను గౌరవించాలన్న మాట అందులో ఉంది, కానీ ఆ మాటకు క్షేత్రంలో ఎంత విలువ ఉంటుందన్నదే ప్రశ్న. కెన్యాలోని మావు అడవిలో తరతరాలుగా తేనె సేకరిస్తూ బతికిన ఓగియెక్ జాతివారిని అడవిని కాపాడాలన్న పేరుతోనే వెళ్లగొట్టారు. ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం 2017 మే 26న ఇచ్చిన తీర్పులో, అడవి క్షీణతకు వారు బాధ్యులు కారని, సంరక్షణ పేరుతో వారిని ఖాళీ చేయించడం చెల్లదని తేల్చింది. 2022లో పరిహారంతో పాటు భూమిపై హక్కు పత్రాలు కూడా ఇవ్వాలని ఆదేశించింది. ఆ తర్వాత కూడా, 2023 నవంబరులో, వారి ఇళ్లు మళ్లీ కూల్చారు. అడవిని అమ్ముకోని మనిషిని అడవి నుంచి తరిమి, ఆ అడవి పీల్చుకునే కర్బనాన్ని పత్రాలుగా (కార్బన్ క్రెడిట్లుగా) మార్చి అమ్మే వ్యాపారానికి మీ ప్రణాళికలు తలుపులు తెరుస్తున్నప్పుడు, అక్కడ నివసించేవారి ముందస్తు సమ్మతి లేని ఏ కర్బన పత్రాన్నీ లెక్కలోకి తీసుకోబోమని మీరు రాయగలగాలి.

సముద్రం మింగేస్తున్న ఊళ్ల విషయంలో ఎదురైన అన్యాయం మరో రకమైనది. పనామాలో గార్డి సుగ్డుబ్ అనే చిన్న దీవిలోని గుణ జాతి ప్రజలు తమ దీవి ఇక తమను మోయలేదని గ్రహించి, ప్రధాన భూభాగానికి తరలిపోవాలని 2010 ప్రాంతంలోనే తామంతట తాము నిర్ణయించుకున్నారు. దాదాపు 300 కుటుంబాల కోసం కొత్త ఊరు సిద్ధమై వారు తరలింది 2024 జూన్‌లో. ప్రజలు వెనకాడటం వల్ల పునరావాసం ఆలస్యమవుతుందని తరచూ అంటుంటారు. ఇక్కడ ప్రజలు సిద్ధంగా ఉండి, పద్నాలుగేళ్లు ఎదురుచూశారు. ఎప్పుడు కదలాలో, ఎక్కడికి కదలాలో, పక్కింటివారు పక్కనే ఉండాలో లేదో నిర్ణయించే అధికారం కదిలేవారిదే కావాలి. ప్రభుత్వం నెరవేర్చాల్సిన బాధ్యత ఆ నిర్ణయానికి తగిన భూమినీ డబ్బునూ సకాలంలో సమకూర్చడం.

శిలాజ ఇంధనాల నుంచి బయటపడే దారిలో పాత అన్యాయాలే కొత్త పేర్లతో రాకుండా చూడటం కూడా మీ పనే. బ్యాటరీల్లో వాడే కోబాల్టులో మూడింట రెండు వంతులకు పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం గనుల నుంచే వస్తోంది, అక్కడ చేతి పనిముట్లతో తవ్వేవారిలో పిల్లలూ ఉన్నారు. అలాగే వంటింటి పొగ. ప్రపంచంలో ఇప్పటికీ 200 కోట్ల మందికి పైగా కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ మీదే వండుకుంటున్నారు. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో 32 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలో కళ్లు తుడుచుకుంటూ వండే స్త్రీకి గ్యాస్ సిలిండర్ ఇవ్వడానికి, అది శిలాజ ఇంధనమన్న కారణం చూపి అభ్యంతరపెట్టడం నా దృష్టిలో క్షమించరానిది. 2019లో ప్రపంచ జనాభాలో అత్యంత సంపన్నులైన ఒక్క శాతం మంది వల్ల వెలువడిన ఉద్గారాలు అత్యంత పేదలైన 500 కోట్ల మంది ఉద్గారాలకు సమానమని స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ లెక్కగట్టింది. అన్నం వండుకోవడానికి వచ్చే పొగనూ, సొంత విమానంలో విహారానికి వెళ్లడం వల్ల వచ్చే పొగనూ ఒకే టన్నులో కొలిచే పద్ధతి శాస్త్రానికి సరిపోతుందేమో గానీ, భారాన్ని పంచేటప్పుడు సరిపోదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాటలు మెత్తబడటం మీ సదస్సులను గమనించేవారందరికీ తెలిసిందే. 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూర్చుతామని 2009లో సంపన్న దేశాలు ఇచ్చిన మాట 2022లో గానీ నెరవేరలేదు, అందులోనూ అధిక భాగం అప్పుగానే వచ్చింది. 2024లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో జరిగిన సదస్సులో ఈ లక్ష్యాన్ని 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లుగా నిర్ణయించారు. ప్రపంచ ఉద్గారాల్లో ఒక్క శాతం కూడా వాటా లేని పాకిస్థాన్‌లో 2022 వరదలు మూడు కోట్ల ముప్పై లక్షల మందిని ముంచెత్తి, దాదాపు 3,000 కోట్ల డాలర్ల నష్టం మిగిల్చాయి. వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన దేశాలను ఆదుకునే లాస్ అండ్ డ్యామేజ్ నిధి 2023లో దుబాయ్‌లో మొదలైనప్పుడు ప్రపంచమంతా కలిసి ప్రకటించిన మొత్తం దాదాపు 70 కోట్ల డాలర్లు. తాను చేయని హానికి తానే అప్పు చేసి బాగుచేసుకుని, ఆ అప్పుకు వడ్డీ కట్టే స్థితిలోకి ఏ దేశాన్నైనా నెట్టడం ఆ దేశ ప్రజల గౌరవాన్ని తీసివేయడమే. హాని తర్వాత ఇచ్చే డబ్బు గ్రాంటుగానే రావాలి, అందులో నిర్ణీత భాగం రాజధానుల్లో ఆగకుండా నష్టపోయిన కుటుంబాలకు నేరుగా చేరాలి.

ఇది సాధ్యమేనా అని అడిగేవారికి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని గుర్తుచేస్తాను. ఓజోన్ పొరను కాపాడటానికి కుదిరిన ఆ ఒప్పందంలో పేద దేశాలకు అదనపు గడువిచ్చారు, 1990లో వాటి ఖర్చు భరించడానికి ప్రత్యేక నిధిని ఏర్పాటు చేశారు. ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి, ఓజోన్ పొర కోలుకుంటోంది. అప్పుడు కూడా వ్యవధి తక్కువే, పరిశ్రమల ఒత్తిడీ ఉంది. భారాన్ని న్యాయంగా పంచడం వల్లే ఆ పని అంత వేగంగా జరిగిందని నేను నమ్ముతున్నాను.

ఒక విషయం చాలా బాధతో రాస్తున్నాను. బ్రెజిల్ అడవుల కోసం నిలబడిన షికో మెండిస్‌ను 1988లో చంపారు. నైజీరియాలోని నైజర్ డెల్టాలో చమురు కాలుష్యాన్ని ప్రశ్నించిన కెన్ సారో వివాను 1995లో ఉరితీశారు. నదికి అడ్డంగా కట్టే ఆనకట్టను వ్యతిరేకించిన హోండురాస్ మహిళ బెర్తా కాసెరెస్‌ను 2016లో ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. 2012 నుంచి 2023 వరకు నేలనూ నీటినీ కాపాడబోయి ప్రాణాలు కోల్పోయిన 2,100 మందికి పైగా మనుషులను గ్లోబల్ విట్నెస్ సంస్థ నమోదు చేసింది. వీరెవరూ అభివృద్ధికి శత్రువులు కారు. మా ఊరి సంగతి మమ్మల్ని అడగండి అన్నవారు. ఇలాంటివారికి రక్షణ కల్పించడం ప్రభుత్వాల చట్టబద్ధ బాధ్యత అని చెప్పిన ఎస్కజు ఒప్పందం లాటిన్ అమెరికాలో 2021 నుంచి అమల్లో ఉంది. ప్రతి ఖండానికీ అలాంటిదొకటి కావాలి.

మీరు కాదనడానికి చట్టపరమైన ఆధారం కూడా ఇప్పుడు మిగలలేదు. స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన, సుస్థిరమైన పర్యావరణం మానవ హక్కు అని 2022 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 161 ఓట్లతో ప్రకటించింది, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. పసిఫిక్ దీవుల విద్యార్థులు మొదలుపెట్టి, వనువాటు దేశం ముందుకు తీసుకెళ్లిన ప్రయత్నం ఫలితంగా 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఏకగ్రీవంగా తన అభిప్రాయం వెలువరించింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల బాధ్యత అని, ఆ బాధ్యతను విస్మరిస్తే పరిహారం చెల్లించాల్సి రావచ్చని అందులో చెప్పింది. పారిస్ ఒప్పందం పీఠికలోనే మానవ హక్కుల ప్రస్తావన, కార్మికులకు న్యాయమైన పరివర్తన ప్రస్తావన ఉన్నాయి. పీఠికలో ఉన్నదాన్ని ప్రణాళిక లోపలికి తీసుకురావడమే మిగిలింది.

అందుకు నేను కోరేది ఇది. మీ దేశం ఇకముందు సమర్పించే ప్రణాళికలో ప్రతి చర్య పక్కనా, ఆ చర్య ఎవరి బతుకును మారుస్తుందో, వారిని ఎప్పుడు ఏ విధంగా సంప్రదించారో, వారు కాదంటే ఏం మార్చారో, నష్టపోయేవారికి ఏ తేదీలోగా ఏం అందుతుందో, అందకపోతే ఏ అధికారి దగ్గరికి వెళ్లాలో రాయండి. ముసాయిదాను సమర్పించడానికి కనీసం ఆరు నెలల ముందు మీ ప్రజలు మాట్లాడే భాషలన్నింటిలోనూ ప్రచురించండి. చదవలేనివారి కోసం సభలు పెట్టి వినిపించండి. ఆ సభల్లో వచ్చిన అభ్యంతరాలనూ వాటికి మీరిచ్చిన జవాబులనూ ప్రణాళికకు జతచేయండి. ఈ వివరాలు లేని ప్రణాళిక ఏ దేశానిదైనా, అది అసంపూర్ణమని సదస్సులో లేచి చెప్పండి. మీ సొంత దేశానిదైనా సరే.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక పౌరురాలు